‘హైదర్ ఆలీ’ ఓడ: ఒక వాక్యానికి ప్రతిపదార్థం

మూలం: “పదహారు ఫిరంగుల ‘హైదర్ ఆలీ’, చుక్కాని మాయతో, ‘జనరల్ మంక్’ను అరగంటలోపే పట్టింది.”

సందర్భం: 1782 ఏప్రిల్ 8. అమెరికాలోని డెలావేర్ అఖాతం. బ్రిటిష్‌వారితో స్వాతంత్ర్య యుద్ధం చివరి దశ.

హైదర్ ఆలీ: ఇక్కడ మనిషి కాదు, ఓడ. మైసూరు పాలకుడు హైదర్ పేరును పెన్సిల్వేనియా రాష్ట్ర నౌకాదళంలోని ఓడ మోసింది. కారణం తేలికే. 1780 సెప్టెంబరులో కంచి దగ్గరి పొళ్ళిలూరులో ఆయన సేనలు కల్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాయి. తాము పోరాడుతున్న తెల్లదొరలనే తూర్పున ఒకడు ఓడించాడన్న కబురు అమెరికన్లకు తీపి కబురు. శత్రువుకు శత్రువు మిత్రుడు కదా. ఇందులో ఓ శ్లేష కూడా ఉంది. వాళ్లు ‘ఆలీ’ని రాసిన అక్షరక్రమానికి ఇంగ్లీషులో ‘మిత్రుడు’ అనే అర్థమూ వస్తుంది.

పదహారు ఫిరంగుల: పుట్టుకతో ఇది యుద్ధనౌక కాదు, సరుకుల ఓడ. డెలావేర్ నదిలోకి వచ్చిపోయే వర్తక ఓడలను బ్రిటిష్ పక్షపు దోపిడీ ఓడలు కాజేస్తుంటే, ఫిలడెల్ఫియా వర్తకుల గోడు విని రాష్ట్రం దీనికి ఫిరంగులు బిగించింది. 110 మంది సిబ్బంది. కెప్టెన్ జాషువా బార్నీకి అప్పటికి 22 ఏళ్లు. వర్తక ఓడలను సముద్రం దాకా క్షేమంగా సాగనంపడం అతని పని.

చుక్కాని మాయతో: వాక్యానికి గుండెకాయ ఈ పదమే. ఎదుటి ఓడ ఫిరంగులు బరువైనవి. ఎదురెదురుగా నిలబడి కాల్చుకుంటే బార్నీకి ఓటమే. అందుకని చుక్కాని పట్టినవాడికి ముందే చెప్పాడు: నేను అరిచి చెప్పేదానికి సరిగ్గా తిరగేసి చెయ్యి. ఓడలు దగ్గరపడగానే శత్రువుకు వినపడేలా గట్టిగా ఒక ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లు దాన్ని నమ్మి తమ ఓడను తిప్పుకున్నారు. ‘హైదర్ ఆలీ’ మాత్రం రెండో వైపుకు తిరిగింది. శత్రువు ఓడ ముక్కుకొయ్య వచ్చి దీని తెరచాప తాళ్లలో చిక్కుకుంది. ఫిరంగులు ఓడకు పక్కల ఉంటాయి. ముక్కుతో చిక్కినవాడు కాల్చలేడు, పక్కతో నిలిచినవాడు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఊడ్చేస్తాడు. బార్నీ అదే చేశాడు.

జనరల్ మంక్: ఇది మొదట అమెరికన్ల ఓడే. అప్పటి పేరు ‘జనరల్ వాషింగ్టన్’. 1780లో బ్రిటిష్‌వారికి చిక్కి, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల సేనాని పేరు పెట్టించుకుంది. 1782లో దాని కెప్టెన్ జోసియాస్ రోజర్స్.

అరగంటలోపే: లెక్కకు 26 నిమిషాలు. ‘మంక్’లో ఉన్న 136 మందిలో 20 మంది చనిపోయారు, 33 మంది గాయపడ్డారు. ‘హైదర్ ఆలీ’లో చనిపోయినవారు నలుగురు, గాయపడినవారు 11 మంది. ‘మంక్’కు తోడు వచ్చిన ‘క్విబెక్’ అనే పెద్ద యుద్ధనౌక ఈ పోరుకు అందలేదు.

పట్టింది: ముంచలేదు, పట్టింది. తేడా ముఖ్యం. పట్టిన ఓడకు పాత పేరే తిరిగి పెట్టారు. ఫ్రాన్సులో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఉత్తరాలు మోసిందీ, 1783లో సంధి కబురు స్వదేశానికి తెచ్చిందీ ఆ ‘జనరల్ వాషింగ్టన్’ ఓడే, బార్నీ చేతి కిందే. రాష్ట్రం అతనికి బంగారు పిడి ఖడ్గం బహూకరించింది. కవి ఫిలిప్ ఫ్రెనో ఈ గెలుపు మీద పద్యాలు కట్టాడు.

విశేషం: పేరు ఇచ్చినవాడి కథ మన జిల్లాలో ముగిసింది. ఓడ గెలిచిన ఎనిమిది నెలలకు, 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో వీపు మీద లేచిన రాచపుండుతో హైదర్ కన్నుమూశాడు. మలబారులో ఉన్న కొడుకు టిప్పు వచ్చి చేరేదాకా చావు కబురు బయటికి పొక్కనివ్వలేదు. సరిగ్గా వారం ముందు, నవంబరు 30న, పారిస్‌లో అమెరికన్లు బ్రిటిష్‌వారితో సంధి షరతుల మీద సంతకాలు చేశారు. అక్కడ యుద్ధం చల్లారింది. ఇక్కడ మాత్రం 1784 మార్చిలో మంగళూరు ఒప్పందం దాకా నడిచింది.

తాత్పర్యం: శ్లేషలో దొరికిన ‘మిత్రుడు’ అక్షరాల్లోనే ఉండిపోయాడు. అమెరికన్లు హైదర్ పేరును తెరచాపకు గాలిలా వాడుకున్నారు. సంధి బల్ల దగ్గర మాత్రం ఎవరి లెక్క వాళ్లే చూసుకున్నారు.