అప్పుతో కొన్న దుస్తుల కంపెనీ: జె.క్రూ ఉదంతం (1997–2020)

ఈ భాగాన్ని చదివిన తరువాత, రుణాధారిత కొనుగోలు అంటే ఏమిటో, కొనుగోలుదారు దాన్ని ఎలా మదింపు చేస్తాడో, ఆ మదింపు ఎక్కడ పొరబడగలదో మీరు వివరించగలుగుతారు.

1. భావన

మీరు అప్పు చేసి ఇల్లు కొంటే వాయిదాలు మీ జీతం నుంచి కడతారు. లెవరేజ్డ్ బైఅవుట్, అంటే రుణాధారిత కొనుగోలులో, కొనడానికి చేసిన అప్పు కొన్న కంపెనీ నెత్తినే పడుతుంది. దాని ఆదాయం నుంచే వడ్డీ కట్టాలి.

ఒక ఊహాత్మక లెక్క చూడండి. 100 కోట్ల కంపెనీని 40 కోట్ల సొంత సొమ్ముతో, 60 కోట్ల అప్పుతో కొన్నారనుకోండి. అప్పు అలాగే ఉండి కంపెనీ విలువ 120 కోట్లయితే, యజమానుల వాటా 60 కోట్లవుతుంది. విలువ పెరిగింది 20 శాతమే, వారి లాభం మాత్రం 50 శాతం. విలువ 80 కోట్లకు పడితే వాటా 20 కోట్లే, అంటే సగం పోయినట్లే. అప్పు లాభాన్నీ నష్టాన్నీ సమానంగా పెంచుతుంది.

2. నేపథ్యం

జె.క్రూ 1983లో అమెరికాలో కేటలాగు ద్వారా దుస్తులు అమ్ముతూ మొదలైంది. 1997లో టెక్సస్ పసిఫిక్ గ్రూప్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ అందులో మెజారిటీ వాటా కొన్నది. మొదటి కొన్నేళ్లు కలిసిరాలేదు. అంతకుముందు గ్యాప్ సంస్థను నడిపిన మిక్కీ డ్రెక్స్‌లర్ 2003లో పగ్గాలు చేపట్టాక దశ తిరిగింది. 2006లో కంపెనీ షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి.

3. రెండవ కొనుగోలు

2010 నవంబరులో అదే సంస్థ, టీపీజీ అనే పేరుతో, లియొనార్డ్ గ్రీన్ అండ్ పార్ట్‌నర్స్‌తో కలిసి జె.క్రూను మళ్లీ కొనడానికి ఒప్పందం చేసుకుంది. షేరుకు 43.50 డాలర్ల చొప్పున మొత్తం దాదాపు 300 కోట్ల డాలర్లు. 2011 మార్చిలో కొనుగోలు పూర్తయింది. అందులో సుమారు 160 కోట్లు అప్పు: 120 కోట్ల టర్మ్ లోన్, 8.125 శాతం వడ్డీతో 40 కోట్ల బాండ్లు. ఆ బాండ్ల వడ్డీయే ఏడాదికి 3.25 కోట్ల డాలర్లు.

ఫలితం తెలిసిన మనకు ఈ నిర్ణయాన్ని తప్పుపట్టడం సులువు. చరిత్ర విద్యార్థిగా మీరు 2010లో నిలబడి చూడాలి. కంపెనీ కోలుకుంది. డ్రెక్స్‌లర్ కొనసాగుతానన్నాడు. మిషెల్ ఒబామా ఆ దుస్తులు ధరించి కనిపించడంతో పేరు మరింత పెరిగింది. కొనుగోలుదారులకు కంపెనీ కొత్తది కూడా కాదు. ఇవన్నీ నిజమే. అయితే ఇవన్నీ గడచిన కాలపు సాక్ష్యాలు. వడ్డీ కట్టాల్సింది రాబోయే కాలపు ఆదాయం నుంచి.

4. పరిణామం

సిమెంటు వంటి సరుకుకు అభిరుచితో పని లేదు. దుస్తులకు ఉంది. కొనుగోలుదారులు ఆన్‌లైన్‌కు మళ్లారు, మాల్స్‌కు వచ్చేవారు తగ్గారు, జారా వంటి చౌక ఫ్యాషన్ పోటీకి వచ్చింది. ఆ దశలోనే, 2013లో, మాతృసంస్థ స్థాయిలో మరో 50 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి, అందులో అధికభాగాన్ని యజమానులకు డివిడెండుగా పంచారు. 2016లో ట్రేడ్‌మార్క్ హక్కుల్లో పెద్ద వాటాను కేమన్ దీవుల్లోని అనుబంధ సంస్థకు మార్చడంతో రుణదాతలతో వివాదం రేగింది. 2017లో ఉద్యోగాలు తగ్గించారు, దుకాణాలు మూశారు, డ్రెక్స్‌లర్ సీఈఓ పదవి వదిలాడు.

2020 మే 4న, కోవిడ్‌తో దుకాణాలు మూతపడిన వేళ, జె.క్రూ దివాలా రక్షణ కోరింది. దాదాపు 165 కోట్ల డాలర్ల అప్పు వాటాలుగా మారి, యాజమాన్యం రుణదాతల చేతికి వెళ్లింది. కంపెనీ బతికింది.

5. సారాంశం

అప్పు లేకుంటే జె.క్రూకు కష్టాలే రాకపోయేవని చెప్పలేం. కాని చెడ్డకాలంలో తేరుకోవడానికి కావలసిన వ్యవధిని అప్పు తీసేసింది. కాబట్టి మదింపులో మంచి ఏడాది లాభం ఎంతని మాత్రమే అడిగితే చాలదు. చెడ్డ ఏళ్లు వరుసగా రెండు మూడు వస్తే వడ్డీ ఎక్కడి నుంచి వస్తుందనీ, రాకపోతే ఆ భారం ఎవరు మోస్తారనీ కూడా అడగాలి. డివిడెండు పొందినవారూ, ఉద్యోగం పోగొట్టుకున్నవారూ ఒకరు కారని మీరు గమనించే ఉంటారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై ఊహాత్మక లెక్కలో కంపెనీ విలువ 60 కోట్లకు పడితే యజమానుల వాటా ఎంత?
2. 2010 నాటి సమాచారం మాత్రమే మీ ముందుంటే ఈ కొనుగోలును సమర్థిస్తారా? కారణాలు రాయండి.