పాట పాడేది ఎవరు, పాడించేది ఎవరు?

యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో జనగామ మార్కెట్ యార్డుకు పొద్దున్నే పోతే నడవడానికి సందు ఉండదు. కుప్ప పక్కన కుప్ప. ఖరీదుదారు వచ్చి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు గింజలు తీస్తాడు. పైన ఎండినవీ లోపల పచ్చివీ అయితే ఆ చేతికే తెలుస్తుంది. నాలుగు గింజలు అరచేతిలో నలిపి, ఒకటి పంటి కింద కొరికి, మాట్లాడకుండా ముందుకు పోతాడు. రైతు మాత్రం ఆయన ముఖం చూస్తూ నిలబడతాడు. ధర చెప్పే హక్కు ఈ ఇద్దరిలో ఎవరికుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ హక్కును కాస్తయినా ఇటు జరపాలని ఈ ప్రాంతంలో తొంభై ఏళ్లకు పైగా చట్టాలు రాస్తూనే ఉన్నారు.

మొదటి ప్రయత్నం పత్తి దగ్గర మొదలైంది. నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన బేరార్‌లో, హైదరాబాద్ రెసిడెన్సీ ఉత్తర్వు కింద, 1886లో కరంజా పత్తి మార్కెట్‌ను నిబంధనల కిందికి తెచ్చారు. 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ ఇలాంటి మార్కెట్లు దేశమంతా పెట్టాలని సిఫారసు చేసింది. ఆ రోజుల్లో చాలా చోట్ల బేరం రుమాలు కింద జరిగేది. కొనేవాడి వేళ్లు, దళారి వేళ్లు గుడ్డ చాటున మాట్లాడుకునేవి. సరుకు తెచ్చినవాడికి చివరి అంకె ఒక్కటే చెప్పేవారు. నిజాం రాజ్యంలో 1339 ఫసలీలో, అంటే 1930లో, హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. పాట బహిరంగంగా సాగాలి, తూకం వేసేవాడికి లైసెన్సు ఉండాలి అనే పద్ధతి మన దగ్గర దానితోనే మొదలైంది.

చట్టం వచ్చినంత మాత్రాన జనగామ తాలూకా రైతు గింజలు మార్కెట్‌కు చేరాయా అంటే, అదీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ పేరుతో ధాన్యం ఇంటి నుంచే లాక్కుపోయారు. పెద్ద భూస్వాముల గరిసెలు నిండుగానే ఉన్నాయి, లెవీ భారం మాత్రం చిన్న రైతు మీద పడింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది తన చేతి పంట కోసం. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఇప్పుడు మా జిల్లాలోదే. ఈ చరిత్ర ఉన్న చోట, తన వడ్లకు నలుగురు కొనుగోలుదార్లు పాట పాడతారన్న మాట చిన్న మాట కాదు. అందుకే మార్కెట్ యార్డును నేను తేలిగ్గా తీసిపారేయను.

ఇప్పటి వ్యవస్థకు పునాది 1966 నాటి మార్కెట్ల చట్టం. సర్కారు నియమించే మార్కెట్ కమిటీ, దానికో కార్యదర్శి. అడ్తిదారుకు, ఖరీదుదారుకు, తూకం వేసే దడ్వాయికి లైసెన్సు ఇచ్చేదీ కమిటీయే, రద్దు చేసేదీ కమిటీయే. మార్కెట్ ఫీజు కొన్నవాడే కట్టాలి. రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ఇవ్వాలి. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

ఊళ్లలో పంచాయతీ వేలాలదీ ఇదే తీరు. తైబజారు, అంగడి హక్కులకు ముందు డప్పు చాటింపు, తర్వాత ధరావత్తు, ఆ తర్వాత సర్కారు వారి పాట. 2022లో మహేశ్‌బాబు సినిమా పేరుగా పట్నంవాళ్ల చెవిన పడ్డ ఆ మాట మాకు పంచాయతీ ఆఫీసు ముందు ఎప్పుడూ వినపడేదే. అక్కడైనా ఇక్కడైనా ఒకటోసారి, రెండోసారి అనేవాడిని అదుపులో పెట్టడం సులువు. ఇద్దరు పాటగాళ్లు ముందే చాయ్ దుకాణంలో మాట్లాడుకుని వస్తే ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

భూపాలపల్లి అడవుల్లో ఈ చిక్కు ఇంకో రూపంలో కనిపిస్తుంది. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం సర్కారు చేతికి వచ్చింది. అటవీ శాఖ యూనిట్లుగా విడదీసి ముందే అమ్ముతుంది. కోసేవాళ్లు ఎండలో తిరిగి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లం దగ్గర అప్పజెప్తారు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా. ఖర్చులు పోను మిగిలే నికర ఆదాయం వాళ్లకే బోనస్‌గా రావాలి కాబట్టి, ఎక్కడో గదిలో కాంట్రాక్టర్లు తక్కువ పాడితే కోత పడేది ఆ కూలి చేతికే.

2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైంది. జనగామ, మానుకోట, కేసముద్రం మార్కెట్లు అందులో చేరాయి. ధర ఫోన్‌లో కొట్టాలి, ఒకరిది ఒకరికి కనపడదు. గుడ్డ చాటు బేరం పోయిందనుకున్నాం. నిజానికి లాట్ నంబరు, తేమ శాతం, ధర అన్నీ రికార్డుకెక్కడం పెద్ద మేలే. కానీ ఫోన్ పట్టుకున్నవాళ్లు పాతవాళ్లే. మరుసటి ఏడు ఏప్రిల్ 28న ఖమ్మంలో మిర్చి ధర పడిపోయి రైతులు మార్కెట్ మీద విరుచుకుపడ్డారు. మా మానుకోట వైపు మిర్చి కూడా పోయే మార్కెట్ అది.

2024 ఏప్రిల్‌లో ఆ వంతు జనగామకు వచ్చింది. ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు ఉంటే, వ్యాపారులు కూడబలుక్కుని వందల రూపాయలు తక్కువకు కొంటున్నారని రైతులు ఆందోళనకు దిగారు. అదనపు కలెక్టర్ యార్డుకు వచ్చి వ్యాపారుల మీద కేసులకు ఆదేశించారు, మార్కెట్ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ అధికారిని బహిరంగంగా మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. అయితే లైసెన్సు ఇచ్చే అధికారం, తీసేసే అధికారం ఏళ్లుగా కమిటీ చేతిలో ఉండగా, కుప్పల దగ్గరికి కలెక్టరేట్ నుంచి మనిషి రావాల్సి రావడమే నాకు మింగుడుపడదు.

మార్కెట్ కమిటీలను అడిగేది ఒక్కటే. రోజూ బోర్డు మీద గరిష్ఠ ధర ఒక్కటే రాసి ఊరుకోకండి. ప్రతి లాట్‌కు ఎంతమంది ధర వేశారు, ఎవరు ఎంత వేశారు అన్నది సాయంత్రానికి గేటు దగ్గర తెలుగులో అంటించండి. వివరాలన్నీ ఈ-నామ్‌లో ఎలాగూ ఉన్నాయి, కొత్త చట్టమేమీ అక్కర్లేదు.