పాత బండికి క్రొత్త చక్రము

చక్రమును మార్చుట పైకి చాల సులభమైన పనిగా కనిపించును. పాతదానిని ఊడదీసి, క్రొత్తదానిని బిగించినచో చాలునని తోచును. కాని ప్రతి బండిలోను చక్రమునకు కొంత చోటు ముందుగనే నిర్ణయింపబడి యుండును. ఆ చోటునకు సరిపడని చక్రము బండి ప్రక్కనో, పై బల్లనో రాచుకొనును. రాపిడివలన చక్రము అరుగును. లాగెడి జంతువునకు గాని, యంత్రమునకు గాని శ్రమ హెచ్చును. ఉత్తర తెలంగాణములోని కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఎడ్లబండికి కొయ్యచక్రము పోయి రబ్బరు చక్రము వచ్చిన చరిత్ర ఈ సంగతిని చక్కగా తెలుపును.

ఈ రెండు జిల్లాలకు నడుమ గోదావరి ప్రవహించుచున్నది. దక్షిణపు గట్టున కరీంనగరు, ఉత్తరపు గట్టున ఆదిలాబాదు. 2016 అక్టోబరు 11న ఇవి చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. ఇచట ఆ పేర్లను పూర్వపు ఎల్లలతోనే గ్రహింపవలెను. ఆదిలాబాదులో టేకు అడవులును, ప్రత్తి పండెడి నల్లరేగడి నేలలును కలవు. పెద్దపల్లికి సమీపమున పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనుల కాలపు ఇనుప పనిముట్లు లభించినవి. కొయ్యపనికిని, ఇనుపపనికిని ఇది పాత సీమ. ఈ రెండు పనులును కలిసినచోటు బండిచక్రము.

కొయ్యచక్రమును ఈ ప్రాంతపు వాడుకలో గీరె అందురు. దాని నడుమ కుండ యుండును. కుండలో నుండి ఆకులు నలువైపులకు సాగును. ఆకుల చివరలను వంపు చెక్కలు కలిపి గుండ్రని అంచుగా చేయును. కుండకు తుమ్మవంటి గట్టి కొయ్యను ఏరుదురు. వడ్రంగి పని ముగిసిన తరువాత కమ్మరి పని మొదలగును. చక్రముచుట్టు తొడుగవలసిన ఇనుప పట్టాను అతడు చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేయును. పిడకలు పేర్చి, నిప్పు పెట్టి, పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, వెంటనే నీరు పోయును. పట్టా కుంచించుకొని చెక్కలన్నిటిని ఒక్కటిగా బిగించును.

ఇందులోని లెక్క చూడుడు. ఇనుము ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షల పాళ్ళకు సుమారు 12 పాళ్ళు పెరుగును. నాలుగున్నర అడుగుల చక్రపు చుట్టుకొలత సుమారు 430 సెంటీమీటర్లు. 500 డిగ్రీల వేడి ఎక్కినచో పట్టా రెండున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు ఒక అంగుళము సాగును. ఏ పుస్తకమును చూడకయే కమ్మరి ఈ అంగుళమును ఎరుగును.

ఈ చక్రమునకు లోపములును కలవు. కుండ ఇరుసుపై జారుచు తిరుగును గాన కందెన తరుగగనే రాపిడి హెచ్చును. ఇరుకైన ఇనుప పట్టా బరువునంతను సన్నని గీతమీద మోపి బాటను కోయును. 1929 నాటికి కాజీపేట, బల్హార్షా రైలుమార్గము పూర్తియైనది. ప్రత్తి, కలప స్టేషన్లకు చేర్చుటకు బండ్ల అవసరము హెచ్చెను. 1932లో నిజాము రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించెను. ఒకే బాటమీద బస్సు రబ్బరుతోను, బండి ఇనుముతోను నడువసాగెను. ఒకటి గులకను అణచుచుండగా రెండవది దానిని పెకలించుచుండెను.

రబ్బరు చక్రము కథ వేరొకచోట పుట్టినది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో వేడిచేసి రబ్బరును గట్టిపరచు విధము కనుగొనెను. 1845లో ఆర్. డబ్ల్యు. థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను గాని అది వ్యాప్తికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులోని జాన్ బాయిడ్ డన్‌లప్ దానిని తిరిగి కనుగొనెను. అతడు వృత్తిచే పశువైద్యుడు. 1936లో బెంగాలులోని సాహాగంజిలో డన్‌లప్ కర్మాగారము వెలసినది. ఆ పేరే తెలుగు పల్లెలలో బండికి పేరై, రబ్బరు చక్రాల బండి ‘డన్‌లప్ బండి’ అయినది. పాత కార్ల, లారీల చక్రములును పలుచోట్ల ఎడ్లబండ్లక్రిందికి చేరినవి.

చిక్కు ఇచటనే వచ్చినది. మొదటిది ఎత్తు. కొయ్యచక్రము నాలుగున్నర అడుగులు. రబ్బరుచక్రము రెండున్నర అడుగులకు అటునిటు. కావున ఇరుసు సుమారు ఒక అడుగు క్రిందికి దిగును. ఎద్దు మెడ ఎత్తు మాత్రము మారదు. నొగలు పైకి లేచును, బండి వెనుకకు వాలును, బరువు వెనుకకు జరుగును. అప్పుడు కాడి పైకి లేచి, దానికి కట్టిన మెడతాళ్ళు ఎద్దు గొంతును బిగించును. దీనికై ఇరుసునకును చట్రమునకును నడుమ దిమ్మ వేసి బండిని పైకి లేపవలెను.

రెండవది వెడల్పు. ఇనుప పట్టా రెండు అంగుళములైనచో, రబ్బరు ఏడు అంగుళములుండవచ్చును. హెచ్చిన అయిదు అంగుళములలో సగము, అనగా రెండున్నర అంగుళములు, బండివైపునకు వచ్చును. పాత సందు అంతకంటె తక్కువయైనచో చక్రము బండిని రాయును. సరిగా అంతే యున్నను చాలదు. గతుకులో బండి వాలినపుడు మెత్తని రబ్బరు ప్రక్కకు ఒరుగును. వానకాలమున నల్లరేగడి బురద ఆ సందులో కూరుకొని చక్రమును పట్టుకొనును. కావున ఇరుసును పొడవు చేయవలెను.

పొడవు చేసినచో మూడవ చిక్కు. తరతరాల బండ్లు ఒకే వెడల్పున నడచుటచే ఊరి బాటలో రెండు గాడులు పడియుండును. క్రొత్త ఇరుసు వెడల్పు వేరైనచో ఒక చక్రము గాడిలోను, రెండవది గట్టుమీదను నడచును. చక్రముతో మొదలైన మార్పు ఇరుసును, నొగలను, మెడను, తుదకు బాటను గూడ తాకినది.

లాభము గొప్పదే. గట్టిబాటమీద గాలిచక్రము, గోళీల బేరింగు కలిసి లాగుడు శ్రమను బాగుగా తగ్గించును. అదే జత ఎడ్లు ఎక్కువ బరువును లాగగలవు. నష్టమును కలదు. తుమ్మముల్లు ఇనుమును ఏమియు చేయజాలదు, రబ్బరును పొడుచును. ఊరిలోనే బాగుచేసికొనదగిన చక్రమునకు బదులు కొనితెచ్చుకొనవలసిన చక్రము వచ్చెను. ఏటేట పట్టా ఎక్కించిన కమ్మరికిని, ఆకులు మార్చిన వడ్రంగికిని ఆ పని తరిగెను. 1970లలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు చెందిన ఎన్. ఎస్. రామస్వామి ఎడ్లబండిని దేశ సమస్యగా తలచి, ఎద్దు మెడను, కాడిని, చక్రమును కలిపి చూడవలెనని వాదించెను.

పాత కారు విషయమును ఇంతే. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారునకు మొదట 5.90 అంగుళముల వెడల్పు, 15 అంగుళముల రిమ్ము గల టైరు ఉండెడిది. అట్టి కారునకు 20 మిల్లీమీటర్లు వెడల్పు హెచ్చిన చక్రము వేసినచో లోపలికి 10, వెలుపలికి 10 చేరును. బిగింపు పళ్ళెము స్థానము మార్చి చక్రమును 5 మిల్లీమీటర్లు వెలుపలికి జరిపినచో, లోపల 5 మాత్రమే హెచ్చి, వెలుపల 15 హెచ్చును. లోపల స్ప్రింగు తగులకుండ చేసినది వెలుపల మడ్‌గార్డుకు తగులవచ్చును. ముందు చక్రములు తిరుగును గాన స్టీరింగును రెండు వైపుల చివరివరకు త్రిప్పి, మనుషులను కూర్చుండబెట్టి సందును చూడవలెను. చక్రము ఎత్తు నూటికి అయిదు పాళ్ళు హెచ్చినచో, మీటరు 100 చూపునపుడు కారు 105 వేగమున పోవుచుండును.

పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరు నాగోబా జాతరకు మెస్రం వంశపు గోండులు నేటికిని ఎడ్లబండ్లపై వత్తురు. ఇతరచోట్ల ట్రాక్టరు ఆ స్థానమును చాలవరకు ఆక్రమించినది. ఏ బండికైనను చక్రము మార్చుటకు ముందు కొలువవలసినవి ఒక్కటే: దాని ఎత్తు, వెడల్పు, చుట్టునున్న సందు, దానిని లాగువాని బలము. ఈ నాలుగును కొలిచిన వడ్రంగి బండి ఎద్దు మెడను కాచినది. కొలువనివాని బండి ఆ భారమును ఎద్దుమీదనే మోపినది.