సంగారెడ్డి పాత జైలు

సంగారెడ్డి పట్టణంలోని చారిత్రక కారాగారం. 1796లో, రెండో నిజాం అలీఖాన్ కాలంలో కట్టారు. 2012 వరకు ఖైదీలతోనే నడిచింది. కంది వద్ద కొత్త జిల్లా జైలు రావడంతో ఖాళీ అయింది.

ఖాళీ అయిన జైలును ఏం చేయాలన్నది తెలంగాణలో పదేపదే ఎదురైన ప్రశ్న. ముషీరాబాద్ జైలును తొలగించి, 2003లో గాంధీ ఆసుపత్రిని అక్కడికి తరలించారు. వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో నేలమట్టం చేసి, ఆ స్థలంలో భారీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. వైద్యం అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ గోడలతోపాటు అక్కడ శిక్ష అనుభవించినవారి ఆనవాళ్లూ పోయాయి.

సంగారెడ్డిలో కట్టడం దక్కింది. జైళ్ల శాఖ దాన్ని తన చేతిలోనే ఉంచుకుని 2016లో మ్యూజియంగా తెరిచింది. ‘ఫీల్ ది జైల్’ పథకం కింద రోజుకు రూ.500 చెల్లించినవారు ఖాదీ దుస్తులు తొడుక్కుని, ఖైదీల భోజనమే తింటూ 24 గంటలు గదిలో గడిపే వీలు కల్పించింది. పర్యాటకుల్ని బాగా ఆకర్షించింది ఇదే. అయితే ఈ కట్టడం అసలు విలువ దాని నిర్మాణంలోనే ఉంది. రెండు శతాబ్దాలకు పైగా నిలిచిన ఇలాంటి ప్రభుత్వ భవనాలు అరుదు.