అండమాను ప్రకృతియు, ఛాయాచిత్రమును, ప్రేమపత్రమును

ఫిబ్రవరి 14వ తేదీన ప్రియమైన వారికి చిత్రపత్రములు పంపు ఆచారము మనకు పాశ్చాత్య దేశములనుండి వచ్చినది. ఇంగ్లండులో 1840వ సంవత్సరమున ఒక్క పెన్నీకే ఉత్తరము పంపు సౌకర్యము కలిగిన పిదప ఈ ఆచారము సామాన్యజనులలోనికి వ్యాపించినది. ఇంచుమించు ఆ దశాబ్దము చివరనే అమెరికాలోని ఊస్టరు పట్టణమున ఎస్తేరు హౌలండు అను యువతి జాలరు కాగితములను, రంగుబొమ్మలను చేతితో అతికించి పత్రములు చేయించి, దాని నొక పరిశ్రమగా రూపొందించినది. అచ్చుయంత్రములు ఆ పనిని చేపట్టినను, స్వహస్తముతో చేసిన పత్రమునకు గల గౌరవము తగ్గలేదు. అట్టి పత్రముపై అతికించుటకు అండమాను ప్రకృతిచిత్రములకంటె తగినవి అరుదు. అయితే ఆ దీవులకు కెమేరా ప్రేమకొరకు రాలేదు. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

1857వ సంవత్సరాంతమున కారాగారద్వీపమునకు తగిన చోటు వెదకుటకై డాక్టరు మోవట్ నాయకత్వమున ఒక సంఘము కలకత్తానుండి అండమానునకు పోయినది. వారి వెంట మాలిట్ అను ఛాయాగ్రాహకు డుండెను. ఆ సంఘము వారు ఒక ఆదిమవాసిని పట్టి కలకత్తాకు కొనిపోయి, అక్కడ అతని చిత్రమును తీయించిరి. అతడు జబ్బుపడగా మరల దీవికి చేర్చిరి. 1858 మార్చిలో మొదటి ఖైదీల నౌక పోర్టుబ్లెయిరు చేరినది. ఆ విధముగా ఆ దీవులలో కెమేరాయు, సంకెలయు ఇంచుమించు ఒకేసారి అడుగిడినవి.

1862 నుండి 1864 వరకు అచ్చటి అధికారిగా నుండిన కర్నల్ రాబర్టు టైట్లరు పక్షిశాస్త్రాభిమాని. ఆయన భార్య హారియెటుతో కలిసి 1858లో ఉత్తరభారతమున తిరుగుబాటు స్థలములను వందలకొలది ఛాయాచిత్రములుగా తీసియుండెను. అండమానులోని హారియెటు పర్వతమునకు ఆమె పేరే పెట్టబడినది. 2021లో దానిని మణిపురి వీరుల స్మృత్యర్థము మణిపుర పర్వతముగా మార్చిరి. ఒకే కెమేరావెనుక నిలిచిన ఆ దంపతుల కథలో స్నేహమున్నది. కాని వారి అధికారము క్రింద నున్న దీవివాసుల కథ వేరు.

1879లో అండమానీయుల వ్యవహారములకు అధికారిగా నియమితుడైన పోర్ట్‌మన్ 1890వ దశకమున వారి చిత్రములను విరివిగా తీసెను. చతురపు గళ్ళు గీసిన తెర ముందర మనుష్యులను నిలబెట్టి, అవయవముల కొలతలు తెలియునట్లు తీసిన చిత్రములు వానిలో నున్నవి. 1877లో వచ్చిన తట్టు మొదలైన వ్యాధులచే ఆ జనము క్షీణించుచుండెను. గ్రేట్ అండమానీ తెగలవారు 1901 జనాభా లెక్కలలో 625 మంది. 1961లో 19 మంది మాత్రమే. చిత్రములు భద్రముగా నిలిచినవి. చిత్రములలోని మనుష్యులు నిలువలేదు.

ఇక లేఖల సంగతి. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలులో రాజకీయ ఖైదీలకు తొలినాళ్ళలో సంవత్సరమున కొక్క ఉత్తరము వ్రాయుటకే అనుమతి యుండెను. 1879 జూలై 1వ తేదీనుండి దేశమున కాలణా కార్డు ప్రతివానికి అందుబాటులో నుండగా, సముద్రము మధ్యనున్న ఖైదీకి అది అందనిదయ్యెను. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి ఆ జైలులోనే నివసించెను. ఒక కాగితముపై నాలుగు మాటల విలువ ఎట్టిదో ఆ గోడలు చెప్పగలవు.

ఈ చరిత్రను మరువని వాడు ప్రకృతిచిత్రమును ప్రేమపత్రముగా చేసినపుడు కెమేరాకు ఒక కొత్త ధర్మము నిచ్చినవాడగును. ఉత్తర అండమానునకు తూర్పున సుమారు 7 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల నార్కొండం అను అగ్నిపర్వతద్వీపము కలదు. అక్కడి కొమ్ముపక్షి లోకమున మరెచ్చటను లేదు. దానికి 1873లో హ్యూము శాస్త్రీయనామ మిచ్చెను. ఆడపక్షి చెట్టుతొర్రలో ప్రవేశించి ద్వారమును మూసికొనును. మిగిలిన సన్నని సందుగుండ మగపక్షి నెలల తరబడి ఆహార మందించును. దాంపత్యమునకు ఇంతకంటె చక్కని చిత్రము కలదా? ఆ దీవిపై రాడారు నెలకొల్పు ప్రతిపాదనను 2012లో పర్యావరణ మంత్రిత్వశాఖ త్రోసిపుచ్చినది, 2014లో అనుమతించినది. దేశరక్షణము, పక్షిరక్షణము రెండును ధర్మములే యగుటచేత ఈ వివాదము సులువైనది కాదు.

పత్రము చేయుట కష్టము కాదు. దళసరి కాగితమును సగమునకు మడచి, ముఖమున చిన్న చిత్రమును పలుచని జిగురుతో అతికి, బరువు క్రింద ఆరనిచ్చి, లోపల స్వంతమాట వ్రాయవలెను. దీవుల తేమగాలికి కాగితము ముడుతపడును గనుక తొందర కూడదు. అందమునకై పగడములను, రక్షింపబడిన గవ్వలను కోసి అతికించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. గూటి దగ్గరకు పోయి పక్షిని బెదరించి తీసిన చిత్రమున ప్రేమ యుండదు. జారవాల చిత్రములు తీయుట నేరము. అది నేరము కాకున్నను చేయదగినది కాదు.

పోర్ట్‌మన్ కెమేరా ఎదుటివానిని కొలిచినది. పత్రము చేయువాడు ఎదుట నున్నదానిని గౌరవించి, దూరమున నున్నవారికి పంచిపెట్టును. 2024లో పోర్టుబ్లెయిరు శ్రీవిజయపురమైనది. పేర్లు మారినను, విశాఖనుండి నౌకలో అక్కడికి చేరిన మన ఉద్యోగికి ఇంటివారి దూరము తరుగలేదు. ఆ దూరమును దాటు చిన్న కాగితమున ఒక పక్షి, ఒక ఆకు, ఒక అల నిలిచినచో, ఒకప్పుడు సంవత్సరమున కొక్క లేఖ మాత్రమే అనుమతించిన ఆ దీవులకు అది సముచితమైన సమాధానమగును.