పొగ పోయి ఆవిరి వచ్చింది: గంజాయి చరిత్రలో మనవాళ్ళ చోటు

రామసముద్రం కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల సుగాలి తండాల నుంచి, యానాది, ఎరుకల కాలనీల నుంచి మన పిల్లలు చదువుకో కూలికో బెంగళూరు పోతారు. పండక్కి తిరిగి వచ్చేటప్పుడు బట్టలతో పాటు కొత్త మాటలూ మోసుకొస్తారు. ఈ మధ్య వినబడుతున్న మాట 'వేపరైజర్'. గంజాయిని కాల్చకుండా వేడి మాత్రమే చేసి, వచ్చే ఆవిరిని పీల్చే ఇంటి యంత్రం అది. దాని గురించి చెప్పేవాళ్ళు నాలుగు మాటలు చెబుతారు: పొగ ఉండదు, వాసన రాదు, ఊపిరితిత్తులు చెడవు, పోలీసులకు దొరకము. ఈ నాలుగింటిలో ఒకటి కొంతవరకు నిజం. మిగతావి ఏమిటో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

ఆవిరి పీల్చడం కొత్త సంగతేమీ కాదు, పొగ కంటే పాతది కూడా కావచ్చు. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ శకులనే సంచార జాతి గురించి రాశాడు. చిన్న గుడారం కట్టి, లోపల ఎర్రగా కాలిన రాళ్ళ మీద గంజాయి గింజలు చల్లి, ఆ ఆవిరిలో కూర్చుని కేకలు పెట్టేవాళ్ళట. చాలాకాలం దీన్ని కట్టుకథ అనుకున్నారు. చైనా పశ్చిమ అంచున, పామీరు పర్వతాల్లో, సుమారు 2500 ఏళ్ళ నాటి సమాధుల్లో చెక్క కుంపట్లు, వాటిలో కాలిన రాళ్ళు బయటపడ్డాయి. వాటికి గంజాయి మడ్డి అంటుకుని ఉందని 2019లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడ అది చావు దగ్గర చేసే కర్మలో భాగం. రోజూ సాయంత్రం చేసే పని కాదు.

మన దేశంలో దీన్ని ఎక్కువగా తినేవాళ్ళు, తాగేవాళ్ళు. 1563లో గోవాలో అచ్చయిన పుస్తకంలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా భంగు గురించి రాసింది కూడా నోటితో పుచ్చుకునే మందుగానే. మరి చిలుం ఎప్పుడు వచ్చింది? పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి దిగింది. 1600 దాటిన కొద్ది ఏళ్ళకే అసద్ బేగ్ అనే ఉద్యోగి దక్కనులోని బీజాపూరు నుంచి పొగాకు, దాన్ని పీల్చే గొట్టం తీసుకెళ్ళి అక్బరు ముందు పెట్టాడు. ఆ తర్వాత హుక్కా, చిలుం దేశమంతా పాకాయి. 'అనాదిగా మన సాధువులు చిలుం పీలుస్తున్నారు' అని ఎవరైనా అంటే, ఆ అనాదికి వయసు నాలుగు వందల ఏళ్ళకు కాస్త అటూ ఇటూ అని చెప్పవచ్చు.

ఇంగ్లీషువాళ్ళకు మత్తు అంటే పన్ను. వేలం పాడుకున్నవాడికి దుకాణం, సర్కారుకు రాబడి. 1893లో లండన్ పార్లమెంటులో కెయిన్ అనే సభ్యుడు భారతదేశంలో గంజాయి జనాన్ని పాడుచేస్తోందా అని అడిగాడు. దాని మీద ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. ఏడుగురు సభ్యులు, మెక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. 1193 మంది సాక్షులను విచారించి 1894లో పెద్ద నివేదిక ఇచ్చారు. మితంగా వాడేవాళ్ళకు పెద్ద హాని కనబడలేదనీ, అతిగా వాడితే హాని ఉందనీ, నిషేధం అక్కరలేదు, పన్ను వేసి అదుపులో పెట్టాలనీ తేల్చారు.

ఆ నివేదికలో మన ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగ్గ ఒక ముక్క ఉంది. గంజాయి వల్ల పిచ్చి పడుతుందని అప్పటి పిచ్చాసుపత్రుల రికార్డులు చెప్పేవి. కమిషన్ ఆ రికార్డుల మూలాలు తవ్వింది. రోగిని పట్టుకొచ్చిన పోలీసు కాగితంలో 'కారణం' అనే గడి ఉండేది. కారణం తెలియకపోతే గంజాయి అని నింపేసేవాళ్ళు. గడిలో రాసిందే తర్వాత లెక్క అయింది, లెక్క శాస్త్రమైంది. సరిగ్గా అదే కాలంలో మనవాళ్ళ పేర్ల ఎదురుగా కూడా ఒక గడి నింపారు. 1871 నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికి వచ్చాక ఎరుకలనూ, సుగాలీలలో కొందరినీ పుట్టుకతోనే దొంగలని పుస్తకాల్లోకి ఎక్కించారు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లోనే. గంజాయి గడిని విచారించడానికి ఏడుగురు సభ్యుల కమిషన్ వచ్చింది, మన గడిని అడగడానికి అప్పట్లో అలాంటిదేదీ రాలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆనాడు గంజాయి సాగుకు పేరుపడ్డ చోట్లు రెండు. ఒకటి బాపట్ల వైపు సంతరావూరు. రెండోది ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండలు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1911లో వాటిని విడదీసి, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. జవ్వాది కొండల్లో ఉండేది మలయాళీలనే కొండజాతి. పండించేది కొండవాళ్ళు, కొనేది కాంట్రాక్టరు, పన్ను తినేది సర్కారు, పీల్చేది పట్నం. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయిని కట్టడి చేయాలంది. మన దేశం గడువు అడిగి తీసుకుంది. 1985 నవంబరు 14న ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది. అందులో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు. కొనలు కలవని ఆకునూ గింజనూ ఆ నిర్వచనం నుంచి తప్పించారు. అందుకే కాశీలో సర్కారు లైసెన్సుతో భంగు అమ్ముతారు. అంటే నమలే, తాగే పాత అలవాటుకు కాస్త సందు దొరికింది, పొగకు దొరకలేదు.

మరి కొండవాళ్ళకు ఏమైంది? విశాఖ ఏజెన్సీ దీనికి జవాబు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, ఇటు ఒడిశా సరిహద్దు. బయట రాష్ట్రాల వ్యాపారులు విత్తనం, పెట్టుబడి ఇచ్చి లోపలి కొండవాలుల్లో గంజాయి వేయించారు. అక్కడి 'శీలావతి' రకానికి దూరాన ఉన్న నగరాల్లో కూడా పేరుంది. 2021 చివర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టి, తమ లెక్క ప్రకారం ఏడున్నర వేల ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. కాఫీ, మిరియం, పసుపు వేసుకోమన్నారు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్ళు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది మాత్రం ఆదివాసీయే చూసుకోవాలి.

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. చిలుంలోనో బీడీలోనో కాలే కొన వేడి 600 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఆకు మండి తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. వేపరైజర్ 180 నుంచి 210 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ వేడికి మత్తునిచ్చే టీహెచ్‌సీ ఆవిరవుతుంది కానీ ఆకు మండదు. 2007లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు 18 మందితో, జర్మనీలో తయారైన వోల్కనో అనే యంత్రం పెట్టి పరీక్షించారు. రక్తంలో టీహెచ్‌సీ రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానం. ఆవిరి పీల్చినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువ. నిజమైన మాట ఇదే. చిలుం కంటే ఊపిరితిత్తులకు మేలే.

మన ప్రాంతంలో ఊపిరితిత్తుల సంగతి తేలిగ్గా తీసుకోలేం. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలుపెట్టినది కూడా మదనపల్లెలోనే. ఒకే చిలుం పదిమంది చేతులు మారే చోట క్షయ కూడా చేతులు మారుతుంది.

అయితే ఊపిరితిత్తులతో కథ అయిపోదు. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అరుదుగా వాడే 17 మందికి ఒకే మోతాదు రెండు విధాలుగా ఇచ్చారు. ఆవిరిగా పీల్చినప్పుడే రక్తంలో మత్తు ఎక్కువైంది, బుద్ధి ఎక్కువ తడబడింది. ఎక్కువ మోతాదులో కొందరికి వాంతులు, భ్రమలు కూడా కలిగాయి. పొగ గొంతు మండించి 'ఇక చాలు' అంటుంది. ఆవిరి అలా అనదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి మెదడు ఇంకా కట్టుకుంటూ ఉన్న ఇల్లు. దాని మీద టీహెచ్‌సీ పనిచేసేటప్పుడు అది పొగలో వచ్చిందా ఆవిరిలో వచ్చిందా అని చూడదు.

నూనె నింపిన వేపు పెన్నుల కథ ఇంకా చెడ్డది. 2019లో అమెరికాలో దొంగ బజారు టీహెచ్‌సీ గొట్టాల్లో చిక్కదనానికి విటమిన్-ఇ ఎసిటేట్ కలిపారు. 2020 ఫిబ్రవరి నాటికి 2807 మంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. పువ్వు వేడిచేసే యంత్రం వేరు, ఈ పెన్ను వేరు. కానీ మన పిల్లలకు చౌకగా దొరికేది ఏదో మీకు తెలుసు.

ఇక పోలీసులకు దొరకమన్న మాట. యంత్రంలో పెట్టేది గంజాయే కదా. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్ళు. పైగా 2019లో వచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం నికోటిన్ ఉన్నా లేకపోయినా, పదార్థాన్ని వేడిచేసి ఆవిరి పీల్పించే విద్యుత్ పరికరాల అమ్మకాన్ని, దిగుమతిని నేరం చేసింది.

గదిలో యంత్రం పెట్టుకున్న నగరవాసి దొరికితే పక్కన వకీలు ఉంటాడు. కూలి డబ్బులకు సంచి మోసిన కొండ కుర్రవాడు బస్సులో దొరుకుతాడు. అతని సంచి తూకం 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ 37వ సెక్షను కింద బెయిలు దొరకడం గగనం. విత్తనమిచ్చిన వ్యాపారి పేరు ఆ కాగితంలో చాలాసార్లు ఉండదు. 1894లో చూసిన వరసలో కాంట్రాక్టరు మారాడు, గొట్టం మారింది, సర్కారుకు పన్ను పోయింది. కింద నిలబడ్డవాడు మారలేదు.

ఉపాధ్యాయులకు ఒక సంగతి. అదే చట్టంలో 64-ఎ అనే సెక్షను ఉంది. అలవాటు పడినవాడు కొద్ది పరిమాణంతో పట్టుబడ్డా, తనంతట తాను సర్కారు గుర్తించిన చోట చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తిచేస్తే అతని మీద కేసు నడపరు. ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ విభాగం నంబరు 1972. తండాలో పిల్లవాడు దొరికాక అతని తల్లిదండ్రులు మొదట పరుగెత్తుకొచ్చేది బడి పంతులు దగ్గరికే.