జిగ్‌సా ఎంపిక: బెంగళూరులో కొనబోయే ముందు తెలుసుకోవలసినవి

సరిహద్దు గ్రామాల వడ్రంగి ఇళ్లలో ఉలి, బాడిస, చిత్రిక తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వస్తాయి. విద్యుత్ పరికరం అలా రాదు, కొనుక్కోవలసిందే. హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు, బాగేపల్లి, గౌరిబిదనూరు ప్రాంతాల నుంచి బెంగళూరు అపార్టుమెంట్లలో చెక్కపనికి వెళ్లే యువకులు డ్రిల్లు తరువాత తరచుగా కొనే యంత్రం జిగ్‌సా. దానికి పెట్టే సొమ్ము కొన్ని ఇళ్లలో పంట అమ్మగా మిగిలినది, మరికొన్ని ఇళ్లలో పొదుపు సంఘం నుంచి తెచ్చిన అప్పు. సరైనది కొనకపోతే పోయేది ఆ సొమ్ము ఒక్కటే కాదు. వంకరగా తెగిన ఒక ప్లైవుడ్ షీటు ధరను మేస్త్రీ కూలిలో కోస్తే, ఆ వారం ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు.

జిగ్‌సా అంటే సన్నని నిలువు రంపపు బ్లేడు పైకి కిందికి వేగంగా కదిలే చేతియంత్రం. దీని పుట్టుక కుట్టుమిషనుతో ముడిపడి ఉంది. స్విట్జర్లాండులోని సింటిల్లా సంస్థలో పనిచేసిన ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అనే ఇంజినీరు 1946లో తన భార్య కుట్టుమిషనులో సూది తీసి, దాని స్థానంలో రంపపు బ్లేడు బిగించి చూశారు. మరుసటి సంవత్సరమే ఆ యంత్రం లెస్టో అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. 1954లో సింటిల్లా జర్మనీకి చెందిన బాష్ సంస్థ చేతికి వచ్చింది. పెద్దవారికి ‘మైకో’గా పరిచయమైన ఆడుగోడి కర్మాగారం ఈ బాష్ అనుబంధ సంస్థదే. 1951లో ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. ఆ పాత పరిచయం వల్ల ఈ ప్రాంతంలో ఆ పేరు మీద నమ్మకం ఎక్కువ. మకీటా, డివాల్ట్ వంటి సంస్థల జిగ్‌సాలు కూడా అదే వరుసలో నిలుస్తాయి. పేరు చూసి మోజుపడేకంటే యంత్రాన్ని చూసి నిర్ణయించుకోవడం మేలు.

మొదట తేల్చుకోవలసినది పని ఏమిటన్నది. ద్వారబంధాలు, మంచం కోళ్లు, వేప లేదా టేకు దుంగల నుంచి మందపాటి చెక్కలు నేరుగా కోయడమే ప్రధానమైతే జిగ్‌సా తగిన యంత్రం కాదు. దాని బ్లేడును పై చివర మాత్రమే యంత్రం పట్టుకుంటుంది, కింది చివర స్వేచ్ఛగా ఉంటుంది. అందువల్ల మందపాటి గట్టి చెక్కలో బ్లేడు పక్కకు వంగుతుంది. పైన గీత మీదే తెగినట్లు కనిపించినా, చెక్కను తిరగేస్తే కోత పక్కకు జరిగి ఉంటుంది. పెట్టె మీద 65 మిల్లీమీటర్ల లోతు కోస్తుందని ఉన్నా, నిక్కచ్చిగా కోయడానికి అందులో సగమే లెక్కలోకి తీసుకోవాలి. పొడవైన నేరు కోతలకు గుండ్రటి బ్లేడు గల సర్క్యులర్ రంపమే సరైనది. వంటగది పలకలో సింకు కోసం రంధ్రం, టీవీ బల్ల వెనుక వైర్ల దారి, మంచం తలవైపు పలకకు వంపు, పూజామందిరం పైభాగాన తోరణపు ఆకారం వంటి పనుల్లో జిగ్‌సాకు సాటి లేదు. నగరంలో ఇంటీరియర్ పనికి వెళ్లేవారికి ఎదురయ్యేవి ఎక్కువగా ఇవే.

వాట్లు ఎక్కువైతే యంత్రం గొప్పదని దుకాణంలో చెబుతారు. ప్లైవుడ్ పనికి 450 వాట్ల యంత్రం కూడా సరిపోతుంది. రోజంతా పని ఉన్నవారికి 650 నుంచి 750 వాట్ల మధ్య ఉంటే మోటారుకు శ్రమ తగ్గుతుంది. బాష్ జీఎస్‌టీ 650, మకీటా 4329 మొదటి తరగతివి. బాష్ జీఎస్‌టీ 8000 ఇ రెండవ తరగతిది. ఈ పేర్లలోని జీఎస్‌టీకి బిల్లు మీద వేసే పన్నుతో ఏ సంబంధమూ లేదు. ఒక్కొక్కసారి కొనేవారు ఇక్కడ తికమకపడతారు.

వాట్ల కంటే ముఖ్యంగా చూడవలసినవి అడుగు పలక, బ్లేడు పట్టు, బ్లేడు వెనుక ఉండే చిన్న చక్రం. అడుగు పలక పల్చటి రేకుతో చేసినదైతే ఒకసారి కింద పడగానే వంగుతుంది. ఆ తరువాత ఎంత జాగ్రత్తగా నడిపినా కోత నిలువుగా రాదు. పోత పోసిన అల్యూమినియం పలక గానీ, మందపాటి ఉక్కు పలక గానీ ఉండాలి. దానిని 45 డిగ్రీల వరకు వంచి బిగించే ఏర్పాటు ఉంటుంది. బిగించిన తరువాత చేత్తో కదిపితే జరగరాదు. బ్లేడు పట్టు టీ ఆకారపు కాడను పట్టేదై ఉండాలి. నేడు మార్కెట్టులో దొరికే బ్లేడ్లలో అత్యధికం ఆ రకానివే. పాత యూ ఆకారపు కాడ బ్లేడ్లు పల్లెలో ఉన్నప్పుడు వెతికినా దొరకవు. వెనుక చక్రం బ్లేడు వీపును తాకుతూ తిరగాలి, లేకపోతే వంపు కోసేటప్పుడు బ్లేడు తడబడుతుంది.

మంచి యంత్రాల్లో బ్లేడు పైకి కిందికి మాత్రమే కాక కొంచెం ముందుకు కూడా ఊగే ఏర్పాటు ఉంటుంది. దీనికి సాధారణంగా 0 నుంచి 3 వరకు మెట్లు ఉంటాయి. మెత్తటి చెక్కను త్వరగా కోయాలంటే 3 పెట్టుకోవాలి. లోహం, మైకా అతికించిన పలక, సన్నని వంపులు కోయాలంటే 0 పెట్టుకోవాలి. ఈ ఏర్పాటుతోపాటు వేగం తగ్గించే చక్రం ఉన్న యంత్రం కొంచెం ఖరీదైనా తీసుకోదగినది. వేగం తగ్గించలేని యంత్రంతో అల్యూమినియం గానీ ప్లాస్టిక్ గానీ కోస్తే అంచు కరిగి బ్లేడుకు అంటుకుంటుంది.

యంత్రానికి సొమ్మంతా పెట్టి, పెట్టెలో వచ్చిన ఒక్క బ్లేడుతో పనికి వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. కోసేది బ్లేడే. మామూలు చెక్క, ప్లైవుడ్ శుభ్రంగా కోయడానికి టీ 101 బి, వేగంగా కోయడానికి టీ 144 డి, సన్నని వంపులకు టీ 101 ఎఓ, పల్చటి ఇనుప రేకుకు టీ 118 ఎ అనే సంఖ్యలు గుర్తుంచుకుంటే చాలు. ఇవి బాష్ పెట్టిన సంఖ్యలే అయినా ఇతర సంస్థలు కూడా వీటినే వాడుతున్నందున ఏ దుకాణంలోనైనా అర్థమవుతాయి. మామూలు బ్లేడు పళ్లు పైవైపు తిరిగి ఉంటాయి కాబట్టి పలక పైముఖాన పెచ్చులు లేస్తాయి. అందుకే గీత వెనుక ముఖాన గీసి, మంచి ముఖాన్ని కిందికి ఉంచి కోయాలి. అమర్చిన వంటగది పలకను తిరగేయడం కుదరదు. అటువంటి చోట పళ్లు కిందికి తిరిగిన టీ 101 బీఆర్ వాడాలి. ఈ బ్లేడు యంత్రాన్ని పైకి నెడుతుంది కనుక గట్టిగా అదిమి పట్టుకోవలసి ఉంటుంది.

బెంగళూరులో పనిముట్ల దుకాణాలు సాదర్ పత్రప్ప రోడ్డులో, అంటే ఎస్పీ రోడ్డులో, దాని చుట్టుపక్కల వీధుల్లో వరుసగా ఉన్నాయి. మెజెస్టిక్‌లో బస్సు గానీ రైలు గానీ దిగినవారు ఆకుపచ్చ మార్గం మెట్రోలో చిక్కపేట స్టేషనులో దిగి నడిచి వెళ్లవచ్చు. కన్నడంలో రంపాన్ని ‘గరగస’ అంటారు గాని, అక్కడ ఏ భాషలోనైనా జిగ్‌సా అంటేనే తెలుస్తుంది. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు సంచిలో ఒక చిన్న మూలమట్టం, ఒక జానెడు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేసుకోవాలి. దుకాణంలో బ్లేడు బిగింపించి, అడుగు పలక మీద మూలమట్టం ఆనించి బ్లేడు నిలువుగా ఉందో లేదో చూడాలి. తరువాత ఆ ముక్క మీద ఒక వంపు గీసి కోయించి, పైముఖాన్ని, కిందిముఖాన్ని పక్కపక్కన చూసుకోవాలి. కోసి చూపడానికి ఒప్పుకోని దుకాణం వదిలి పక్కదానికి వెళ్లడంలో నష్టం లేదు. పన్ను బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తామని ఎవరైనా అంటే అంగీకరించరాదు. బిల్లు లేనిదే వారంటీ అడిగే హక్కు నిలవదు. అదే సమయంలో కార్బన్ బ్రష్షుల జత ఒకటి అదనంగా కొని, సంస్థవారి సర్వీసు కేంద్రం తమ ఊరికి దగ్గరలో ఎక్కడ ఉందో అడిగి రాసుకోవాలి. ఆదివారం సంతలో దొరికే పాత యంత్రాలు చౌకే. వాటి బేరింగు అరిగిందీ లేనిదీ కోసి చూస్తేనే గాని తెలియదు. సంతలో కరెంటు పెట్టి చూపేవారు అరుదు.

పల్లెలో వాడేవారు కరెంటు గురించి ఒక విషయం గమనించాలి. వోల్టేజి 230 కంటే బాగా పడిపోయినప్పుడు మోటారు వేగం తగ్గుతుంది. పని జరగడం లేదని యంత్రాన్ని ముందుకు నెడితే మోటారు వేడెక్కి ఆర్మేచర్ కాలుతుంది. సన్నని తీగతో చేసిన పొడవైన ఎక్స్‌టెన్షన్ కూడా ఇదే హాని చేస్తుంది. కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి. బ్యాటరీ జిగ్‌సాకు ఈ బాధ లేదు. అయితే బ్యాటరీ, చార్జరు ఖరీదు విడిగా పడుతుంది కనుక, అదే బ్యాటరీతో నడిచే డ్రిల్లు ఇంట్లో ఇప్పటికే ఉంటే తప్ప మొదటి కొనుగోలుగా అది తగదు.

బ్లేడు పలక కింద కూడా కదులుతుందన్న సంగతి మరచి, కింద చేయి ఆనించి పట్టుకున్నప్పుడే వేళ్లు తెగుతాయి. పలకను క్లాంపులతో బిగించాలి. బ్లేడు మార్చే ముందు ప్లగ్గు తీయాలి. ఇప్పుడే ఆపిన బ్లేడు కాలుతుంది, వట్టి చేత్తో ముట్టుకోరాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంటి వసారాలో కోసేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవడంతోపాటు పిల్లలను కూడా దూరంగా ఉంచాలి.

సొమ్ము విషయానికి వస్తే, 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 18 ఏళ్లు నిండి, చేతిపని చేసేవారు కుటుంబానికి ఒక్కరు చొప్పున కామన్ సర్వీస్ సెంటరులో పేరు నమోదు చేయించుకోవచ్చు. గ్రామ పంచాయతీ స్థాయిలో పరిశీలన జరుగుతుంది. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఈ-వోచరు ఇస్తారు. పూచీకత్తు లేకుండా మొదటి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం కూడా ఉంది. వోచరు వెంటనే చేతికి రాదు. పనికి వెళ్లే తేదీ దగ్గర పడ్డాక కాక, కొన్ని నెలల ముందే ఆధార్, దానికి జతచేసిన ఫోను, బ్యాంకు పాసుపుస్తకం తీసుకొని సెంటరుకు వెళ్లాలి.